ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారు?

పాత ఇంగ్లండు జనాభా లెక్కలు తెరిచి అందులో దొరల కుటుంబాల కోసం వెతకడం చాలావరకు దండగ పని అని నా అభిప్రాయం. డబ్బులు కట్టి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని, ఏ డ్యూక్‌గారి పేరో కొట్టి, ఆయన ఫలానా సంవత్సరం ఫలానా చోట ఉన్నాడని పట్టుకుని మురిసిపోయేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మంచిదే, కానీ డ్యూక్‌గారికి ఆ సాయం అక్కర్లేదు. ఆయన పుట్టుక, పెళ్లి, పదవులు, అప్పులు, చావు అన్నీ పీరేజ్ పుస్తకాల్లో (దొరల వంశాల వివరాలు అచ్చేసే పుస్తకాలు), పేపర్లలో, కోర్టు కాగితాల్లో ఎప్పుడో ఎక్కేశాయి. సెన్సస్ కాగితం విలువ అదే పేజీలో ఆయన కింద వరసగా రాసినవాళ్లది. వాళ్ల గురించి ఇంకెవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి. ఊరికే అనడం కాదు, ఒక దివాణాన్ని, ఒక హోటల్ యజమానురాలిని పట్టుకుని చూపిస్తాను.

దివాణం పేరు స్టో. లండన్‌కి వాయవ్యంగా, బకింగ్‌హామ్ అనే చిన్న ఊరు పక్కన ఉంటుంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మాది చినగంజాం వైపు. మా దగ్గర పెదగంజాం నుంచి నెల్లూరు జిల్లా తీరం పొడవునా మద్రాసు దాటి పోయే కాలువని బకింగాం కాలువ అంటారు. ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల మీద మద్రాసు పోయేది ఆ దారినే. 19వ శతాబ్దం మొదట్లో బాసిల్ కోక్రేన్ అనే వ్యాపారి తవ్వించిన ముక్కతో మొదలై, కొద్దికొద్దిగా పెరిగి, 1876-78 నాటి ధాత కరువులో కూలి పనుల కింద మద్రాసు ఊళ్లో అడయారు, కూవం నదుల మధ్య ముక్క కూడా తవ్వేసరికి దానికి అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. ఆ గవర్నరే మూడో బకింగ్‌హామ్ డ్యూక్. ఆయన సొంతిల్లే ఈ స్టో. చిన్నప్పటి నుంచి నోట్లో నానిన పేరు కదా, ఈయనెవరో, ఎక్కడివాడో చూద్దామని సహజంగానే అనిపిస్తుంది.

చూద్దామంటే మొదటి తలనొప్పి పేరుతోనే. ఆయన పూర్తి పేరు రిచర్డ్ ప్లాంటాజెనెట్ క్యాంప్‌బెల్ టెంపుల్-న్యూజెంట్-బ్రిడ్జెస్-చాందోస్-గ్రెన్‌విల్. ఇందులో ఇంటి పేర్లే ఐదు. పైగా బిరుదులు మారుతూ ఉంటాయి. పుట్టినప్పుడు ఎర్ల్ టెంపుల్, తాతగారు పోయి తండ్రి డ్యూక్ అయ్యాక 1839 నుంచి మార్క్విస్ ఆఫ్ చాందోస్, తండ్రి పోయాక 1861 నుంచి డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. లెక్కలు రాసే గుమాస్తా ఆ గడిలో ఏది పెడితే అదే ఆయన ఇంటి పేరు. టెంపుల్ కింద, చాందోస్ కింద, గ్రెన్‌విల్ కింద, చివరికి బకింగ్‌హామ్ అన్నదే ఇంటి పేరన్నట్టుగా కూడా వెతకాలి. మధ్యలో ఇంకో తమాషా ఉంది. రిచర్డ్ టెంపుల్ అని కొడితే వేరే ఆయన కూడా తగులుతాడు. ధాత కరువులో కూలీలకి రోజుకి ఒక పౌను (అర కిలోకి కాస్త తక్కువ) ధాన్యం, ఒక అణా చాలని తేల్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఈయనే. ఆ కూలి మద్రాసు ప్రభుత్వానికి నచ్చలేదు. అంటే ఒక రిచర్డ్ టెంపుల్ పెట్టిన కొలత మీద ఇంకో రిచర్డ్ టెంపుల్ ప్రభుత్వం గొడవ పడింది. కంప్యూటర్ మాత్రం ఇద్దరినీ పక్కపక్కనే పెట్టి చూపిస్తుంది, ఎవరు ఎవరో మనమే తేల్చుకోవాలి.

సెన్సస్ ఎలా రాసేవారో రెండు మాటల్లో చెప్తాను, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఇంగ్లండులో 1801 నుంచి పదేళ్లకోసారి లెక్కలు తీస్తున్నారు కానీ, దేశమంతా మనిషి మనిషికీ పేరు రాయడం 1841లో మొదలైంది. లెక్క ఒకే ఒక్క రాత్రిది. 1841లో జూన్ 6, 1851లో మార్చి 30, 1861లో ఏప్రిల్ 7, 1871లో ఏప్రిల్ 2, 1881లో ఏప్రిల్ 3, 1891లో ఏప్రిల్ 5, 1901లో మార్చి 31, 1911లో ఏప్రిల్ 2. ఆ రాత్రి ఆ కప్పు కింద ఎవరు పడుకున్నారో వాళ్లే ఆ ఇంటివాళ్లు. ఇల్లు ఎవరిదన్నది ఆ కాగితానికి పట్టదు.

ఇప్పుడు తేదీలు ఇంకోసారి చూడండి. దాదాపు అన్నీ మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు. పార్లమెంటు నడిచే రోజులవి. దొరలు, దొరసానులు, పెళ్లీడు కూతుళ్లు లండన్లో సీజన్ కోసం, అంటే విందులు, నాట్యాలు, పెళ్లిసంబంధాల కోసం బయల్దేరే కాలం. వాళ్లతో బట్లర్, లేడీస్ మెయిడ్, వంటావిడ, సగం మంది నౌకర్లు కూడా వెళ్లిపోతారు. దివాణంలో మిగిలేది హౌస్‌కీపరు, గదులు ఊడ్చే ఒకరిద్దరు పిల్లలు. అంటే ఒక దొరగారి పల్లె ఇంట్లో ఆయన కనపడకపోవడం వింత కాదు, కనపడటమే వింత. ఇది తెలియక ఆ పేజీ చూసి, కుటుంబం చితికిపోయిందనో, ఇల్లు వదిలేసి పోయారనో కథలు అల్లేవాళ్లు ఉన్నారు. దొర పేరు ఆ రోజు లండన్ ఇంటి పేజీలో ఉంటుంది, అంతే.

అయితే స్టో కుటుంబం నిజంగానే చితికిపోయింది. రెండో డ్యూక్, అంటే మన గవర్నర్‌గారి తండ్రి, పది లక్షల పౌండ్లకు పైగా అప్పు చేశాడు. ఆ రోజుల్లో పది లక్షల పౌండ్లు! 1845 జనవరిలో విక్టోరియా రాణి ఇంటికి వస్తే ఆ ఆర్భాటానికీ కొదవ లేదు. 1847లో అప్పులవాళ్లు మీద పడేసరికి దేశం వదిలి పారిపోయాడు. 1848లో స్టో సామానంతా వేలం వేశారు, ఆ వేలం 40 రోజులు నడిచింది. ఒక ఇంట్లో సామాను అమ్మడానికి 40 రోజులు పట్టిందంటే ఆ ఇల్లు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. 1850లో భార్య విడాకులు తీసుకుంది. 1861 జూలైలో ఆయన పోయింది లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ దగ్గరి గ్రేట్ వెస్టర్న్ హోటల్లో. ఒకప్పుడు వందల గదుల ఇల్లున్న మనిషి రైల్వే హోటల్ గదిలో పోయాడు. కొడుకు మాత్రం అదే కాలంలో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి ఛైర్మన్‌గా పనిచేసి, తండ్రి అప్పులు తీర్చే పనిలో ఉన్నాడు.

ఈ కథంతా సెన్సస్ వల్ల తెలిసింది కాదు. పేపర్లు, వేలం పట్టీలు, జీవిత చరిత్రలు ముందే చెప్పేశాయి. సెన్సస్ ఇక్కడ చేయగలిగింది ఒక్కటే. 1841కీ 1851కీ మధ్య స్టోలో పనివాళ్లు ఏమయ్యారో చెప్పగలదు. డ్యూక్ దివాలా తీస్తే డ్యూక్‌కి క్లబ్బు ఉంది, హోటల్ ఉంది, కొడుకున్నాడు. తోటమాలికి ఏముంది? 1841లో స్టో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) పేజీలు ముందు నుంచి చివరి దాకా చదివి (దివాణం ఒక్కటే చదివితే చాలదు, గేటు కాపరి, గుర్రాలవాళ్లు, వేట అడవి కాసేవాళ్లు వేరే ఇళ్ల కింద, వేరే పేజీల్లో ఉంటారు), ఆ పేర్లు రాసుకుని, 1851లో ఒక్కొక్కరూ ఎక్కడ తేలారో చూడాలి. ఆ పని నాకు డ్యూక్ వంశవృక్షం కన్నా వెయ్యి రెట్లు ముఖ్యం అనిపిస్తుంది. కాకపోతే 1841తో చిక్కులున్నాయి. పెన్సిల్‌తో రాశారు, చాలాచోట్ల వెలిసిపోయింది. 15 దాటినవాళ్ల వయసుని ఐదు గుణకానికి కిందికి దించి రాయమన్నారు. 44 ఏళ్ల మనిషి 40 అవుతాడు, 29 ఏళ్ల మనిషి 25 అవుతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పుట్టింది ఇదే కౌంటీలోనా (మన జిల్లా లాంటిది) కాదా అని మాత్రమే అడిగారు. 1851 నుంచి పరిస్థితి బాగుపడింది. ఇంటి పెద్దకి ఏమవుతారు, సరైన వయసు, పెళ్లి అయిందా లేదా, పుట్టిన ఊరు అన్నీ వచ్చాయి.

ఇక గవర్నర్‌గారి దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ కోపం తెప్పించిన సంగతి ఇక్కడే ఉంది. ఆయన మద్రాసు గవర్నర్‌గా ఉన్నది 1875 నవంబర్ నుంచి 1880 డిసెంబర్ దాకా. ఇంగ్లండు సెన్సస్ 1871 ఏప్రిల్‌లో ఒకటి, 1881 ఏప్రిల్‌లో ఇంకొకటి. ఆ రెండింటి మధ్య సందులో మద్రాసు మొత్తం పడిపోయింది. 1871లో 47 ఏళ్ల డ్యూక్, 1881లో 57 ఏళ్ల డ్యూక్, అంతే. ఈ మధ్యలో ఆయన మూడు కోట్ల మందిని పాలించాడని, ఆయన హయాంలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మాడిపోయాయని, లక్షల మంది పోయారని ఆ కాగితాల్లో ఒక్క గీత కూడా లేదు. దొరల చరిత్రకి సెన్సస్ ఎంత పనికొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అదే పదేళ్లలో మనవైపు కూడా లెక్కలు తీశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో 3 కోట్ల 12 లక్షల మందికి పైగా ఉన్నారని తేలింది. 1881లో 3 కోట్ల 8 లక్షల పైచిలుకు. పదేళ్లలో పెరగాల్సింది పోయి తగ్గింది. 1871 మద్రాసు లెక్కల నివేదిక రాసిన డాక్టర్ కార్నిషే కరువులో శానిటరీ కమిషనర్‌గా ఉండి, రోజుకి పౌను ధాన్యంతో మనిషి పని చేస్తూ బతకలేడని టెంపుల్‌తో వాదించాడు. మనుషుల్ని లెక్కపెట్టినవాడికి వాళ్ల తిండి కొలత కూడా తెలిసింది, అది ఆయన గొప్ప. కానీ ఆయన లెక్కల్లో మిగిలింది అంకెలే, పేర్లు లేవు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాగితాలు అంకెలు కూడేదాకానే, ఆ తర్వాత వాటిని దాచలేదు. కర్నూలు జిల్లాలో కరువుకి పోయిన ఒక మనిషి పేరు సెన్సస్‌లో వెతకడానికి వీల్లేదు. స్టోలో గిన్నెలు తోమే 13 ఏళ్ల పిల్ల పేరు, వయసు, పుట్టిన ఊరు అదే ప్రభుత్వం లండన్లో ఇప్పటికీ భద్రంగా దాచింది. ఇక్కడి జనాన్ని పన్ను కోసం, రేషన్ కోసం తలలుగా లెక్కపెట్టారు, అక్కడివాళ్లని మనుషులుగా రాసుకున్నారు. ఇప్పటికీ మన పరిస్థితి పెద్దగా మారలేదు లెండి, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటి వివరాల కాగితాలు ఎవరికీ చూపించరు.

మా బాబాయ్ రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాడు. ఈ సంగతి చెప్తే, "ఆళ్ల పనిమనుషుల లెక్క మనకెందుకురా, ఆ టైం ఏదో మన ఆర్‌ఎస్‌ఆర్ మీద పెట్టరాదూ?" అన్నాడు. న్యాయమే. మన తాతల పేర్లు కావాలంటే ఆ ఆర్‌ఎస్‌ఆర్, అంటే భూముల రీసెటిల్మెంటు రిజిస్టరు, ఇనాము రిజిస్టరు, పాత అడంగళ్లు, తెలంగాణలో అయితే సేత్వార్, ఖాస్రా పహాణీ అనే భూమి దస్త్రాలు, కాశీ గయల్లో పండాల దస్త్రాలు, ఇవే దిక్కు. కానీ వాటిలో కనపడేది భూమి ఉన్నవాడు, లేదా కాశీకి పోగలిగినవాడు. కూలివాడు లేడు, ఆడమనిషి దాదాపు లేదు. అందుకే అక్కడి వంటింటి పిల్ల పేరు చూసినప్పుడు నాకు కొంచెం అసూయ కూడా కలుగుతుంది. బాబాయ్‌కి ఈ మాట చెప్తే నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు హోటల్. డ్యూక్ 1889లో పోయాడు, కొడుకులు లేరు, ముగ్గురూ కూతుళ్లే, దాంతో డ్యూక్ బిరుదు ఆగిపోయింది. పెద్ద కూతురు మేరీకి స్టో వచ్చింది కానీ అంత ఇల్లు నడిపే స్తోమత లేదు, అద్దెకిచ్చారు. అద్దెకొచ్చింది మామూలు మనిషి కాదు, ఫ్రాన్సు సింహాసనం తనదని చెప్పుకునే కాంట్ ద పారీ. 1894 సెప్టెంబర్‌లో ఆయన పోయింది కూడా స్టోలోనే. ఈ కాంట్‌గారి వంటింట్లో పనిచేసి పైకొచ్చిన అమ్మాయే రోసా ఓవెండెన్. తర్వాత రోసా లూయిస్‌గా లండన్ జర్మిన్ స్ట్రీట్లో కావెండిష్ హోటల్ నడిపి, దొరలందరికీ తెలిసిన పేరైంది.

రోసా 1867 సెప్టెంబర్ 26న లండన్ తూర్పున లేటన్‌లో పుట్టింది. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. పన్నెండేళ్లకే బడి మానేసి ఇంటిపనికి కుదిరింది. ఆ తర్వాత పదహారేళ్లకే, స్టోకి రాకముందు కాంట్ ద పారీ ఉన్న లండన్ పక్కన షీన్ హౌస్‌లో, ఆయన వంటింట్లో చేరిందని చాలాచోట్ల రాస్తారు. పుట్టిన తేదీ, చరిత్ర తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పదహారేళ్లంటే 1883-84. కానీ కాంట్ 1871లోనే ఫ్రాన్సు తిరిగి వెళ్లిపోయాడు, మళ్లీ ఆయన్ని దేశం నుంచి పంపేసిన చట్టం వచ్చింది 1886 జూన్‌లో. 1883లో ఇంగ్లండులో ఆయన కాపురమే లేదు! రోసా చేరి ఉంటే 1886 తర్వాతే చేరాలి, అప్పటికి ఆమెకి పద్దెనిమిది దాటుతున్నాయి. పెద్దయ్యాక తన కథ తనే బోలెడుసార్లు, బోలెడు రకాలుగా చెప్పుకున్న మనిషి, రెండేళ్లు అటూ ఇటూ అయితే ఆమెకి ఏం పోయింది? పోయేది మనకే. హోటల్ నడిపేవాళ్లు చెప్పే కథ ఎప్పుడూ వచ్చిన అతిథికి నచ్చేలా ఉంటుంది. అందుకే హోటల్ యజమానుల విషయంలో సెన్సస్ తప్పనిసరి, దొరల విషయంలో కాదు. పీరేజ్ పుస్తకం లేని మనిషి జీవితానికి ఆ పదేళ్లకోసారి వేసే గూటాలే ఆధారం.

ఆ గూటాలు ఎలా వాడాలంటే, వయసులు ముందే లెక్కేసుకోవాలి. రోసాకి 1871 సెన్సస్ రాత్రికి 3, 1881కి 13, 1891కి 23, 1901కి 33, 1911కి 43, 1921కి 53. ఈ వయసుల చుట్టూ ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలి వెతకాలి. పెళ్లయింది 1893లో కాబట్టి, అంతకు ముందు ఓవెండెన్ కింద, ఆ తర్వాత లూయిస్ కింద. ఓవెండెన్ అన్న పేరు పాత రాతలో ఎన్ని రకాలుగా చదువుకోవచ్చో అన్ని రకాలుగా ఎక్కించి ఉంటారు, కాబట్టి రోసా అన్న పేరు, లేటన్ అన్న ఊరు పెట్టి ఇంటి పేరు వదిలేయడం మేలు. లూయిస్ అయితే వేలమంది ఉంటారు, అక్కడ భర్త పేరు కాపాడుతుంది. ఆయన పేరు ఎక్సెల్సియర్ లూయిస్, బట్లర్‌గా చేసేవాడు. ఎక్సెల్సియర్ అనే పేరున్నవాళ్లు ఇంగ్లండు మొత్తం మీద ఎంతమంది ఉంటారు చెప్పండి!

ఇంటి పెద్దకి ఏమవుతారు అనే గడి ఒకటి ఉంటుంది. నాకు ఆ కాగితం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన గడి అది. రోసా లాంటి మనిషిని ఆ గడిలో పట్టుకుంటూ పోతే కూతురు, సర్వెంటు, భార్య, చివరికి హెడ్, అంటే ఇంటి పెద్ద, ఇలా మాట మారుతూ పోతుంది. డ్యూక్‌కి ఆ గడి కొడుకు, హెడ్ అన్న రెండు మాటలతో తీరిపోతుంది. జీవితంలో కదలిక ఉన్నది ఎవరికో ఆ ఒక్క గడి చెప్పేస్తుంది. రోసా ఒక్కతే కాదు, లండన్ పెద్ద హోటళ్లు చాలా ఇలాగే పుట్టాయి. 1837లో బ్రౌన్స్ హోటల్ పెట్టిన జేమ్స్ బ్రౌన్ కవి బైరన్ దగ్గర సేవకుడు, ఆయన భార్య సారా బైరన్ భార్య దగ్గర పనిచేసిన మనిషి. 1854లో మివార్ట్స్ హోటల్ కొని దానికి తన పేరు తగిలించిన విలియం క్లారిడ్జ్ కూడా బట్లరే. దివాణాల్లో ఎలా వడ్డించాలో, ఏ దొరకి ఏ పట్టింపు ఉందో, ఎవరి ఎదుట ఎవరి మాట ఎత్తకూడదో నేర్చుకుని, ఆ విద్యనే అదే దొరలకి గదికింత అని అమ్మారు. కాబట్టి ఒక హోటల్ యజమాని మూలాలు వెతుకుతుంటే ముందు పదేళ్ల, ఇరవై ఏళ్ల పేజీల్లో హోటళ్లు కాదు, దివాణాల సర్వెంట్ల వరసలు చూడాలి. అలాగే హోటల్ మనిషికి పిల్లలుంటే ఒక్కో పిల్ల పుట్టిన ఊరు చూడండి. పెద్దది ఒక కౌంటీలో, రెండోది లండన్లో, మూడోది సముద్రం పక్క ఊళ్లో పుట్టి ఉంటే తండ్రి ఉద్యోగాలు ఎలా మారాయో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

రోసా 1902లో కావెండిష్ కొంది. భర్త దాన్ని అప్పుల పాలు చేశాడని, ఆయన్ని పంపేసి తనే నడిపి అప్పులన్నీ తీర్చిందని చెప్తారు. 1903లో విడాకులయ్యాయి. ఇప్పుడు 1911 ఫారం ఆమె బల్ల మీద ఉందనుకోండి. పెళ్లి గడిలో ఏం రాయాలి? పెళ్లి కానివాళ్లు, పెళ్లి అయినవాళ్లు, భర్తో భార్యో పోయినవాళ్లు, ఇవే ఆ ఫారానికి తెలిసినవి. విడాకులు అని రాయమని చెప్పింది 1921లోనే. 1850లో స్టో డచెస్, 1903లో హోటల్ వంటావిడ, ఇద్దరూ ఆ గడి ముందు ఒకే ఇబ్బందిలో నిలబడ్డారు. అందుకే ఆ కాలం ఆడవాళ్లకి వితంతువు అని రాసి ఉంటే వెంటనే నమ్మొద్దు. మొగుడు పోయాడో, వదిలేశాడో, వదిలించుకుందో మరణాల రిజిస్టరు కూడా చూసి తేల్చుకోవాలి.

1911కి ఇంకో ప్రత్యేకత ఉంది. అంతకు ముందు ఇంటివాళ్లు నింపిన ఫారాలు చూసి గుమాస్తా పుస్తకంలోకి ఎక్కించేవాడు, అసలు ఫారాలు పారేశారు. 1911లో అసలు ఫారాలే మిగిలాయి. సొంత చేతిరాత, కొట్టివేతలు, కోపాలు, అన్నీ. ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఆడవాళ్లు ఆ ఏడాది లెక్కల్ని ఎగ్గొట్టాలని పిలుపిచ్చారు. ఎమిలీ డేవిసన్ ఆ రాత్రి పార్లమెంటు భవనంలోనే చాపెల్ అలమారాలో దాక్కుంది, అక్కడ ఉన్నట్టుగానే ఆమెని లెక్కలో రాశారు. ఇక హోటల్ సంగతి. కావెండిష్‌కి అంత పేరు రావడానికి సగం కారణం రోసా వంట, మిగతా సగం ఆమె నోరు విప్పకపోవడం. ఏ దొర ఏ దొరసానితో ఏ గదిలో దిగాడో బయటకి పొక్కకపోవడమే ఆ హోటల్ వ్యాపారం. అలాంటి హోటల్ మీద ప్రభుత్వం ఒక ఫారం పెట్టి, ఈ రాత్రి ఇక్కడ ఎవరెవరు పడుకున్నారో పేరు, వయసు, పెళ్లి వివరాలతో రాయండి అంటుంది! హోటళ్ల పేజీల్లో విజిటర్ల వరసలు చదివేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు. ఆ పేర్లు చెప్పింది అతిథులు, రాసింది హోటల్‌వాళ్లు, నిజం రాయాలని ఇద్దరిలో ఎవరికీ పెద్ద అవసరం లేదు. ఫారం మీద ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి అబద్ధం ఉండదని వాదించేవాళ్లతో నాకు అందుకే పడదు.

1921 లెక్కలు ఏప్రిల్‌లో జరగాల్సినవి సమ్మెల గొడవతో జూన్ 19కి జరిగాయి. దాని తర్వాత నెలలోనే స్టో వేలానికి వచ్చింది. మేరీ పెద్ద కొడుకు 1914 డిసెంబర్‌లో యుద్ధంలో పోయాడు, రెండోవాడు అమ్మేశాడు. 1923 నుంచి అది బడి. 1931 లెక్కలు 1942లో మంటల్లో కాలిపోయాయి, 1941లో అసలు తీయలేదు, 1951వి 2052 దాకా తెరవరు. మధ్యలో ఉన్నదల్లా 1939 సెప్టెంబర్‌లో గుర్తింపు కార్డుల కోసం, రేషన్ కోసం రాసిన రిజిస్టరు ఒక్కటే. అప్పటికి రోసాకి 72. 1952లో పోయింది. ఆమె హోటల్ని పదేళ్ల తర్వాత పడగొట్టేశారు.

ఇదంతా చదివి మీలో ఎవరికైనా ఆ లెక్కలు తిరగేయాలనిపిస్తే, దయచేసి గవర్నర్ల పేర్లతో మొదలుపెట్టకండి. మద్రాసు నుంచి తిరిగివెళ్లిన ఇంగ్లీషు కుటుంబాలు పిల్లల్ని చూసుకోవడానికి ఇక్కడి ఆయాల్ని వెంట తీసుకెళ్లేవి. కొందరిని అక్కడ దిగాక వదిలేస్తే వాళ్లకి లండన్లో ఆయాల హోం అని ఒకటి ఉండేది, 1900 నుంచి అది హాక్నీలో 26 కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులో ఉండేది, 2022లో ఆ ఇంటి గోడకి చారిత్రక ఇళ్లకి పెట్టే నీలం పలక కూడా పెట్టారు. ఈ ఆడవాళ్లలో చాలామందిని సెన్సస్‌లో సొంత పేరుతో రాయలేదు. ఆయా అనో, మేరీ అనో, యజమాని ఇంటి పేరు తగిలించో రాశారు. కాబట్టి పేరు గడి ఖాళీగా వదిలేయండి. పుట్టిన చోటు మద్రాసు అని, పని ఆయా లేదా నర్సు అని పెట్టండి. మద్రాసులో పుట్టిన ఇంగ్లీషు పిల్లలు కుప్పలుగా వస్తారు, వాళ్లని తీసేయండి. 1881వి ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, మిగతా చాలావాటి అసలు పేజీలు చూడాలంటే డబ్బులు కట్టాలి. దొరికినవాళ్ల ఇంటి పెద్ద ఎవరో రాసుకుని, ఆ కుటుంబం మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ జిల్లాలో పనిచేసిందో చూడండి. కలెక్టరో, ఇంజినీరో గోదావరిలోనో, గుంటూరులోనో, కడపలోనో పనిచేసి ఉంటే ఆ ఆయాది ఏ భాషో ఊహించడానికి ఒక దారి దొరుకుతుంది.